మాస్టారి ఎడమ బొటనవేలు

మా పై వాటాలో కొత్తగా దిగినాయన మధ్యాహ్నాలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కీబోర్డు వాయిస్తాడు. ఆయన వినే పాటేమిటో ఆయనకే తెలియాలి. ఈ సీతమ్మధార ఉక్కకి కిటికీలన్నీ తెరుచుకుని కింద కూర్చున్న నాకు వినిపించేది ఆ కీబోర్డు ప్లాస్టిక్ మెట్ల టకటక ఒక్కటే. మొదట్లో చిరాకేసి, పైకెళ్ళి నాలుగు మాటలు అనేద్దామని ఓసారి చెప్పులు కూడా వేసుకున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు ఆగిపోతే నాకే తోచడం లేదు. పాట లేకుండా వేళ్ళ చప్పుడు మాత్రమే వింటే నాకు సూర్రావు మాస్టారు గుర్తొస్తారు.

సూర్రావు మాస్టారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. కంచరపాలెంలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉండేవారు. పగలంతా పోర్టులో ఉద్యోగం, సాయంత్రమైతే పెట్టె ముందు. తొంభైల్లో, నేను గౌన్లు వేసుకునే రోజుల్లో, ఆయన దగ్గరే సరిగమలు నేర్చుకున్నాను. ఎదుటివాళ్ళని ఏడిపించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. నాటకం మొదలైతే మాత్రం అసలు మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు. పాత్రధారికి శ్రుతి అందించడం, అతను పద్యం ఎత్తుకోగానే తాను తగ్గి వెనకే నడవడం, అదీ ఆయన పని. నాకు కుడిచేతి వేళ్ళు వచ్చేశాయని గర్వంగా ఉండేది. ఆయనేమో ఎప్పుడూ గాలి తిత్తి ఆడించే నా ఎడమచేతినే చూసేవారు. “తిత్తి మీద కోపమేటమ్మా నీకు? తలుపు కొట్టినట్టు కొడతన్నావు. ఊపిరి తీసినట్టు తియ్యాల,” అనేవారు. నేను మూతి ముడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి ఆయన ఎడమ భుజం పట్టేసింది. వేళ్ళు బాగానే ఆడేవి కానీ చెయ్యి ముందుకీ వెనక్కీ కదలదు. మందులు వాడారు, కాపడాలు పెట్టారు, పసర్లు రాశారు. ఏదీ పని చెయ్యలేదు. ఓ రోజు ఉండబట్టలేక నేనే పక్కన కూర్చుని తిత్తి ఆడించాను, ఆయన వాయించారు. రెండు వరుసలు వాయించి పెట్టె మూసేశారు. “నీ ఊపిరితో నాను బతకనేనమ్మా,” అన్నారు నవ్వుతూనే. వాళ్ళావిడ నూకాలమ్మ గారు గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పెట్టె మీద దుప్పటి కప్పేశారు. మాస్టారి ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది.

అప్పటికి నేను ప్రకటనలకి చిన్న చిన్న బాణీలు కడుతూ బతుకుతున్నాను. కంప్యూటర్ ఉంది, దానికో మిడి కీబోర్డు కొనుక్కోవాలి. ఈ మిడి కీబోర్డుకి సొంత గొంతు ఉండదు. ఏ మెట్టు నొక్కామో, ఎంత గట్టిగా నొక్కామో కంప్యూటర్‌కి చేరవేస్తుంది, పలికేది కంప్యూటరే. ఎంచడానికి తోడు రమ్మని మాస్టారిని ద్వారకానగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్ళాను. ఆయన వాయించగలిగేది ఏదైనా అక్కడ దొరుకుతుందేమోనన్నదే నా ఆశ. ఆ మాట పైకి అంటే వచ్చేవారు కాదు.

మొదట ఆయన ఒకదాని మీద వేళ్ళు పెట్టి చూసి, “ఇది మూగదేటి బాబూ?” అని అడిగారు. షాపాయన నవ్వి దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించాడు. నాకు నచ్చిందేమో చిన్న మెట్లది, డ్రమ్ములు వాయించుకోవడానికి రబ్బరు బిళ్ళలున్నది. “ఇయ్యేటమ్మా, సబ్బుబిళ్ళల్లాగున్నాయి,” అని పక్కకి నెట్టేశారు. బరువైన మెట్లున్న ఇంకోటి చూపిస్తే, “దీంతో రెండో భుజం కూడా పట్టేత్తాది,” అన్నారు. మూడోదానికి మెట్లు తేలిగ్గా ఉన్నాయి, ఎడమపక్కన రెండు చిన్న చక్రాలున్నాయి. ఒక చక్రం తిప్పగానే స్వరం పక్కకి జారింది. ఆయన వేడి గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కున్నారు. “సుతి జారిపోతంది. ఇది మనకొద్దమ్మా.”

రెండో చక్రం ఎక్కడ పెడితే అక్కడే ఆగుతుంది. శబ్దం హెచ్చుతగ్గులు దానికి తగిలించమని షాపాయన్ని అడిగి, హార్మోనియం గొంతు పెట్టించాను. మాస్టారు మోచెయ్యి బల్లకి ఆనించి బొటనవేలు చక్రం మీద పెట్టారు. భుజం కదలక్కర్లేదు. వేలు పైకి వెళ్ళింది, స్వరం పెరిగింది. కిందికి వచ్చింది, తగ్గింది. పైకీ కిందికీ అలా ఆడిస్తూనే ఉన్నారు.

“ఆడించక్కర్లేదు మాస్టారూ. ఒకచోట పెట్టి వదిలేసినా పలుకుతూనే ఉంటుంది,” అన్నాను.

“ఆడించకపోతే గాలెక్కడ్నించొత్తాదమ్మా?”

షాపాయన నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. నేను కావాలనుకున్న డ్రమ్ము బిళ్ళలు దానికి లేవు. అదే కొన్నాను.

ఆ తర్వాత ఆదివారాలు మా ఇంటికొచ్చి వాయించేవారు. నేను అన్నీ రికార్డు చేశాను. “ఇంట్లో మల్లీ ఈల ఏత్తన్నాడమ్మా,” అని నూకాలమ్మ గారు సంబరంగా చెప్పారోసారి. అయితే వాయిస్తూ వాయిస్తూ మధ్యలో మెట్ల మీంచి చెయ్యి తీసేసి ఊరికే కూర్చునేవారు. ఎందుకు ఆపేశారని అడిగాను.

“ఆపడమేటి? పద్దెం నడస్తంది కదా.”

“ఎవరిది మాస్టారూ?”

“ఎవుడిదైతేనేటి? ఆడికి సోటివ్వాల. మనవే అంతా నింపేత్తే ఆడెక్కడ పాడతాడు?”

నేను నవ్వేశాను. అప్పుడు నాకు అది ముసలాయన చాదస్తంలా అనిపించింది.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చెప్పింది మాత్రం నన్ను వదల్లేదు. ఏ బాణీ కట్టినా ఎక్కడో ఒకచోట కొంచెం ఖాళీ వదిలేస్తాను. ఇక్కడ ఏదైనా వెయ్యండి మేడమ్, బోసిగా ఉంది అంటారు డబ్బులిచ్చేవాళ్ళు. పోట్లాడి అలాగే ఉంచుతాను. బెంగ ఎక్కువైన రోజున ఆయన వాయించిన ఫైళ్ళు తెరుస్తాను. వాటిలో ఆయన వేళ్ళ కదలికే ఉంది, పెట్టె గొంతు లేదు. ఎన్ని హార్మోనియం గొంతులు తగిలించి చూసినా ఒక్కటీ ఆయనది కాదు.

చాలా కాలం విన్నాక గానీ తెర మీద ఒక సంగతి కనిపించలేదు. ఆయన మెట్ల మీంచి చెయ్యి తీసేసిన చోట స్వరాలు ఒక్కటీ లేవు. కానీ కింద చక్రం కదలికని చూపించే గీత ఆగలేదు. పైకీ కిందికీ, పైకీ కిందికీ, ఆ ఖాళీ పొడుగునా ఆయన బొటనవేలు గాలి పోస్తూనే ఉంది. ఆ గీత చూస్తే, మాస్టారూ, పద్యం ఎత్తుకోవడానికి ఎవరూ రాలేదు, మీరైనా రండి అనాలనిపిస్తుంది.