కార్డులకు రాసిన పసుపు

మా అమ్మాయి సరళ విశాఖలో లెక్కల ఎమ్మెస్సీ చదువుతోంది. కంప్యూటర్ అనే యంత్రానికి ఆజ్ఞలు రాయడమంటే దానికి ప్రాణం. ఆ పిచ్చి వద్దని ఏడాదిగా పోరాను. ఎట్టకేలకు హైదరాబాదులో ఆ యంత్రం మీద దానికి వంతు దొరికింది. ఆ ఆజ్ఞలనే చిల్లులుగా పొడిచిన అట్టకార్డులతో రేపు పొద్దున్నే రైలెక్కాలి. అక్కడ లెక్క సరిగ్గా వస్తే ఉద్యోగమట.

ఈ రోజు మధ్యాహ్నం అది బజారుకెళ్లినప్పుడు నా మనసు మెత్తబడింది. శుభలేఖలకు రాసినట్టే, నూట పన్నెండు కార్డులకూ నాలుగు మూలలా తడి పసుపు రాశాను. ఒక్కటీ వదల్లేదు.

సరళ వచ్చి చూసింది. "ఏటి సేసినావమ్మా ఇది!"

"నీకు మంచి జరుగుతాదని రాసేనే."

"తడికి ఉబ్బిన కార్డు యంత్రం తీసుకోదమ్మా. మళ్లీ పొడిపించడానికి టైమెక్కడున్నాది? నువ్వు వద్దన్నన్నాళ్లే బాగున్నాది."

ఎండలో పెడితే కార్డులు అప్పడాల్లా వంకర తిరిగాయి. సరళ పెట్టె సర్దడం ఆపేసింది.

బట్టకంటిన పసుపు వదిలించడం నాకు తెలుసు. అట్టకంటింది ఎలా పోతుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రైలు మాత్రం మీ జవాబు కోసం ఆగదు.