నజీహా ఉతికి చెప్పిన మాట

స్ఫాక్స్ ఊళ్ళో మొంజీ దుకాణానికి ఏ కొత్త వాషింగ్ మెషీన్ వచ్చినా ముందు నజీహా ఉతికి చూడాలి. ఇరవై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన మనిషి. తడిగుడ్డను ముందు వాసన చూస్తుంది, బొటనవేలితో రుద్దుతుంది, చివరికి వెలుగుకు ఎత్తి పట్టుకుంటుంది. అంతవరకూ పెదవి విప్పదు.

ఆ శనివారం వచ్చిన మెషీన్ చన్నీళ్ళతో పావుగంటలో ఏ మరకనైనా పోగొడుతుందని ప్రకటన. కంపెనీ మనిషి తెచ్చిన మరకల గుడ్డలను పక్కకు నెట్టి, ఆమె తన తెల్ల తలగుడ్డకు హరీసా కారం, ఆలివ్ నూనె కలిపి పులిమింది. జనం మూగారు. మొంజీ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అక్కా, ఇలాంటివి నలభై తెప్పించేశాను. కాస్త చూసి చెప్పు." ఈ వయసులో ఇంకెవరూ తనకు పని ఇవ్వరని నజీహాకు తెలుసు. అయినా గుడ్డను మెషీన్లో వేసింది. పావుగంటకు తీస్తే లేత నారింజ మచ్చ కనిపించింది. "పోయిందిగా!" అన్నాడు కంపెనీ మనిషి. "నీ కళ్ళకు పోయిందేమో నాయనా. పావుగంట అబద్ధం," అంది నజీహా. మొంజీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమె అదే గుడ్డను అదే మెషీన్లో వేణ్ణీళ్ళతో గంటసేపు తిప్పింది. సగంమంది వెళ్ళిపోయారు. గంట తర్వాత మచ్చ లేని గుడ్డను వెలుగుకు ఎత్తి పట్టుకుని, "గంట మాత్రం నిజం," అంది. మిగిలినవాళ్ళలో ఒక ముసలాయన నవ్వాడు. "గంటైతేనేం తల్లీ, నాకేం తొందర? ఒకటి ఇంటికి పంపించండి." మొంజీ ప్రకటనలో "చన్నీళ్ళతో పావుగంటలో" అన్నచోట "వేణ్ణీళ్ళతో గంటలో" అని రాసిన కాగితం తన చేత్తోనే అంటించాడు.