ఇయ్యాల ఇంటాయన

నేను పెనం మీద వేసిన జొన్నరొట్టె మాడింది. ఆ వాసనకు కామారెడ్డి స్టేషన్ వెనుక రేకుల గదిలో మాతో ఉన్న సాయిలన్న గుర్తొచ్చాడు. నేను పనిచేసే పత్రిక ఇక్కడి కార్యాలయాన్ని మూసేసింది. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. రోజూ వేళకు చొక్కా వేసుకుని బయటికి వెళ్లి వస్తున్నాను. ఈరోజు వెళ్లలేదు.

ఉద్యోగంలో కొత్తగా చేరి ఎల్లారెడ్డి నుంచి వచ్చినప్పుడు, మా వైపు కూలీలతో ఆ గదిలో ఉన్నాను. వానలు లేక ఊళ్లలో పని లేదు. ఇసుక దొరక్క పట్నంలో ఇళ్ల పనులు ఆగిపోయాయి. పొద్దున పని కోసం కూలీల అడ్డా మీద నిలబడ్డవాళ్లు చాలామంది ఎండ ఎక్కేసరికి సద్ది గిన్నెతో తిరిగి వచ్చేవారు. తాపీ మేస్త్రీ సాయిలన్న మా అందరిలో పెద్దవాడు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. పని దొరకనివాణ్ణి ఖాళీ అనకూడదు. ఆ రోజుకు అతడే ‘ఇంటాయన’. వంట అతడిది, గదిలో చెల్లే మాట అతడిది. మొదటి రొట్టె కూడా అతడే తినాలి.

గంగారాం అనే కుర్రాడికి ఎన్నాళ్లకూ పని దొరకలేదు. ఒక సాయంత్రం సంచి సర్దుకున్నాడు.

“పోతున్ననే అన్నా. మీ కష్టం కూసొని తింటున్న.”

“పోదువుతీయ్. పప్పుల ఉప్పెంత ఏసినవ్‌రా?” అన్నాడు సాయిలన్న.

“జర ఎక్కువైంది.”

“రేపు సక్కగ వండి పో. గిసొంటి పప్పు తినవెట్టి పోతే ఊళ్లె నీ ఇజ్జత్ ఏముంటది?”

గంగారాం నవ్వాడు. సంచి మళ్లీ మేకుకెక్కింది.

ఆ చలికాలంలోనే సాయిలన్న పరంజా మీద నుంచి జారాడు. విరిగిన కుడిచెయ్యి అతికినా తాపీ పట్టలేకపోయింది. అడ్డా మీద ఆయన్ని ఎవరూ పిలవలేదు. తిరిగొచ్చి గడప బయటే కూర్చున్నాడు.

“లోపలికి రా అన్నా” అన్నాను.

“ఆకలైతలేదు తమ్మీ.”

గంగారాం పిండి గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాడు. “ఇంటాయనా, నువ్విక్కడ గూసుంటే రొట్టెలెవ్వరు జేస్తరు?”

సాయిలన్న గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. “ఒంటిచేతి రొట్టె గట్లనే ఉంటది. వంకలు వెట్టొద్దు మల్ల” అంటూ లేచాడు. ఎడమచేత్తో తట్టిన రొట్టె అంచులు చీలి, ఒక పక్క మాడింది. మొదటిది ఆయనే తిన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది.

బడి నుంచి వచ్చిన నా భార్య మాడు వాసనకు గుమ్మంలోనే ఆగింది. “ఇదేంది, ఆఫీసుకు పోలేదా?”

“ఆఫీసు ఇగ లేదు. ఇయ్యాల ఇంటాయన నేనే” అన్నాను.

మొదటి రొట్టె నా పళ్లెంలో వేసుకున్నాను.