ముందుగది పరిశోధకురాలు

అశ్వారావుపేటలో మా ముందుగదిలో ఏడాదిపాటు కిరాయికి ఉన్న పరిశోధకురాలు ఎవరు ఎదురైనా ఒకటే అడిగేది: "మీ ఇంట్ల పురుగుమందు ఎవరు కొట్టేటోళ్ళు?" పాలవాణ్ణి అడిగింది, పాస్టరుగారినీ వదల్లేదు. మందు కొట్టినవారి ఒంట్లో ఆ విషం వేసిన గుర్తు వాళ్ళ పిల్లల ఒంట్లోకీ వస్తుందా అన్నది ఆమె పరిశోధన.

నన్ను అడిగినప్పుడు మా తాతగారి ఏనుగు గురించి, పల్లకి గురించి గంటసేపు చెప్పాను. మా ఇంట్లో మందు కొట్టే పంపు ముట్టినవారే లేరన్నాను. ఆమె ఓపిగ్గా విని, ఫారంలో "ఎవరూ లేరు" అని రాసుకుంది.

"అయితే మీరు నాకు పనికి రారు సార్," అంది. మా వంశాన్ని అంతమాట అన్నది ఆమె ఒక్కతే.

ఒకరోజు మెట్ల మీద దిగులుగా కూర్చుంది.

"ఏందమ్మా?"

"మందు కొట్టినోళ్ళ ఇల్లు ఒక్కటి తక్కువైంది సార్. సోమవారం లోపల దొరక్కపోతే నా పోస్టు పోతది. గింత చదివి మళ్ళ మా ఊరికి తల్లాడ బస్సెక్కుడే."

భూములు పోయాక మా నాన్నగారు మిగిలిన రెండెకరాల మిర్చికి తానే మందు కొట్టేవారు. ఎవరూ చూడకుండా పంపు మీద పట్టు శాలువా కప్పి తీసుకెళ్ళేవారు. ఈ సంగతి మా గడప దాటలేదు.

"రాసుకో," అని అంతా చెప్పాను.

ఆమె మొహం వెలిగింది. నా నోట్లో దూదిపుల్ల తిప్పి సీసాలో వేసుకుంది. నేను నాన్నగారి పేరు చెప్పబోయాను.

"పేర్లు రాయం సార్. ఎవరికీ తెల్వకుండ నంబరే వేస్తం."

"పక్కన చిన్నగానైనా రాయమ్మా," అన్నాను.