తూము దగ్గర ఆగిన అడుగులు

పెదపారుపూడి అవతల కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊరు సరోజది. తండ్రి జకరయ్య లస్కరు. కాలవ తూములు ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఎన్ని గంటలు నీళ్లు వెళ్లాలో చూడటం ఆయన పని. ఆయన సైకిలు వెనకాల గట్టు మీద పరిగెడుతూ పెరిగిన పిల్ల కాబట్టి గుడివాడలో ఇంటర్మీడియట్‌లో చేరేనాటికి సరోజను పరుగులో దాటిన ఆడపిల్ల లేదు. ఒక్క జానకి తప్ప.

జానకి అదే ఊళ్లో రైతు బిడ్డ. తండ్రి లేడు. తల్లి సత్యవతమ్మ రెండెకరాల వరి, నాలుగు గేదెల మీద ఇల్లు నడుపుతోంది. కాలేజీ డ్రిల్లు మాస్టారు వీరాంజనేయులు గారు ఈ ఇద్దరినీ చూసి, తొంభై ఒకటి డిసెంబరులో బందరులో జరిగే జిల్లా పోటీలకి తయారవమన్నారు. రోజూ తెల్లవారుజామున గట్టు మీద సాధన: ఊరి రేవు దగ్గర మొదలుపెట్టి వంతెన దాకా మూడు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి మూడు. మధ్యలో జకరయ్య చూసుకునే తూము.

"ముందున్నవాళ్లు వెనక్కి చూడకూడదమ్మా," అనేవారు మాస్టారు. "తల తిప్పితే రెండడుగులు పోతాయి. చెవులున్నాయిగా, వాటితో చూడండి."

సరోజ చెవులతోనే చూసేది. జానకి వేసుకున్నవి అన్నగారి కాన్వాసు బూట్లు. సైజు పెద్దవి కావడంతో వేళ్ల దగ్గర కాగితాలు కుక్కినా కుడికాలి బూటు మడమ దగ్గర లేచి పడుతుండేది. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టప్పుమని. ఎంత దూరంలో ఉందో, ఎంత అలిసిందో ఆ చప్పుడే చెప్పేది. చివరి వారం రోజులూ ఆ చప్పుడు వంతెన దగ్గరకొచ్చేసరికి సరోజను దాటి ముందుకెళ్లిపోతూ వచ్చింది. జిల్లా పోటీలకి వెళ్లేది కాలేజీ నుంచి ఒక్కరే.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. కాలవలో నీళ్లు గట్టును ఒరుసుకుంటూ పారుతున్నాయి గానీ కంటికి కనపడటం లేదు. తూము దాటిన కాసేపటికి వెనక అడుగులు ఆగిపోయాయి. ఆ వెంటనే నీళ్లలో ఏదో పడ్డ చప్పుడు, పెద్దది కాదు, గేదె దిగినట్టు. సరోజ విన్నది. బూటు ఊడి ఉంటుందిలే అనుకుంది. అనుకుని ఇంకాస్త వేగం పెంచింది. ఇవాళ తనే ముందన్న సంతోషం గుండెల్లో గుప్పుమంది. ఆ సంతోషాన్ని తర్వాత ఎప్పటికీ మర్చిపోలేకపోయింది.

వంతెన మీద చాలాసేపు నిలబడింది. ఎవరూ రాలేదు. తిరిగి వచ్చేసరికి తూము దగ్గర ఒక బూటు ఉంది. జానకి మధ్యాహ్నానికి దిగువ లాకుల దగ్గర దొరికింది.

"నీకేం వినపళ్లేదా అమ్మాయ్?" అని ఊరంతా అడిగింది.

"చాలా ముందున్నానండీ. ఏం వినపళ్లేదు," అంది సరోజ. పదిహేడేళ్ల పిల్ల చెప్పిన మాటని ఎవరూ అనుమానించలేదు.

పోటీలకి వెళ్లనంది. జానకి కోసమన్నా పరిగెత్తమని మాస్టారు బతిమాలారు. వెళ్లింది. బందరు మైదానంలో మూడో రౌండులో వెనక నుంచి మొదలైంది ఆ చప్పుడు. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టప్పుమని. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తింది. రెండో స్థానంలో వచ్చిన పిల్ల ఆమెకి వంద గజాల వెనక ఉంది. స్నేహితురాలి కోసం పరిగెత్తిందని చప్పట్లు కొట్టారు. స్నేహితురాలు తరిమితే పరిగెత్తానని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ సర్టిఫికెట్టే ముందు ముందు ఉద్యోగమైంది. తొంభై ఏడులో మచిలీపట్నంలో ఒక బాలికల హైస్కూలుకి డ్రిల్లు టీచరుగా వచ్చింది. మరుసటేడు గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ లెక్కలు చూసే క్రాంతి కుమార్‌తో చర్చిలో పెళ్లయింది. పరుగు మానలేదు. మానితే ఆ చప్పుడు నడకలోకి, వంటింట్లోకి వచ్చేస్తుందేమోనని భయం.

బందరులో ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికింది. మునిసిపల్ పార్కులో సిమెంటు బాట మీద రౌండ్లు కొట్టి చూసింది. సిమెంటు మీద కూడా ఆ అడుగులు మట్టి మీద పడినట్టే వినపడేవి. ఉప్పుటేరు పక్కన బాట చూసింది, అక్కడ మరీ దగ్గరగా వచ్చేవి. చివరికి గిలకలదిండి రేవు దారి కాస్త నయమనిపించింది. పడవలొచ్చే వేళకి వేలం పాటల కేకలు, ఐసు దంచే మోత, వలలు బాగుచేసేవాళ్ల మాటలు. ఆ రెండు ఫర్లాంగులు వెనక ఏం ఉన్నా వినపడేది కాదు. రేవు దాటగానే మళ్లీ మొదలు.

పెళ్లయిన రెండో ఏడు భర్తకి చెప్పింది. చప్పుడు సంగతి మాత్రమే, తూము దగ్గర సంగతి కాదు. అతను నవ్వలేదు. మర్నాడు సైకిలు మీద ఆమె వెనకే వచ్చాడు. ఇంటికొచ్చాక సైకిలుకి స్టాండు వేస్తూ అన్నాడు.

"ఎవరూ లేరు సరోజా. చప్పుడూ లేదు."

"సరేనండి."

"ఒక్క మాట. దారంతా ఖాళీగానే ఉంది కదా, నువ్వెందుకు ఎడమ పక్క అంచునే పరిగెత్తావు? ఎవరికో దారి ఇస్తున్నట్టు?"

సరోజ తన కాన్వాసు బూట్ల వంక చూసుకుంది. ఎడమ బూటు అడుగు బయటి అంచున అరిగిపోయి ఉంది. అన్నేళ్లుగా తను దారి ఇస్తూనే ఉన్నట్టు అప్పటిదాకా ఆమెకి కూడా తెలియదు.

రెండువేల రెండులో కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాల జనంతో బందరు బస్టాండు కిటకిటలాడుతోంది. చెల్లెలిని బస్సెక్కించడానికి వచ్చిన సరోజకి, తడి చీరల మూట చంకన పెట్టుకుని, మెట్ల మీద కూర్చున్న ముసలావిడ కనిపించింది. సత్యవతమ్మ. తప్పుకుని వెళ్లిపోదామనుకుంది. ఈలోగా ఆవిడే చూసింది.

"జకరయ్య కూతురివి కదూ? ఊరికొచ్చినా మా ఇంటి వైపు రావేమే?"

"తీరిక ఉండదండీ, అమ్మగారూ."

"పదకొండేళ్లూ లేదా?" అంది ఆవిడ. కోపంగా కాదు, మామూలుగా అడిగింది. "ఒకసారి రా. నీతో మాట్లాడాల్సింది ఉంది."

ఆ ఆదివారం చర్చి కాగానే సరోజ బస్సెక్కింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంది. తీరా సత్యవతమ్మ అరుగు మీద పీట వేసి మజ్జిగ గ్లాసు చేతికిచ్చేసరికి కూర్చుకున్నదంతా పోయింది.

"నాకు వినపడిందండీ ఆ రోజు," అంది. "అడుగులు ఆగిపోవడం వినపడింది. నీళ్లలో పడ్డ చప్పుడూ వినపడింది. వెనక్కి చూడలేదు. తను ఆగిపోయిందని సంతోషపడ్డాను. వినపళ్లేదని మీ అందరికీ అబద్ధం చెప్పాను."

పాకలో గేదె గొలుసు లాగింది. సత్యవతమ్మ లేచి వెళ్లి దానికి రెండు గుప్పిళ్ల గడ్డి వేసి వచ్చి కూర్చుంది.

"జానకికి మూర్ఛ ఉండేది," అంది. "పదో తరగతిలో ఒకసారి, ఆ ఏడు వినాయక చవితికి ఒకసారి వచ్చింది. బయటికి తెలిస్తే పెళ్లి కాదని నేనే నోరు నొక్కాను. మీ మాస్టారికి కూడా చెప్పనివ్వలేదు. చెబితే పరిగెత్తనివ్వరని అదీ ఏడ్చింది. సర్లే, సరోజ పక్కనే ఉంటుంది కదా అని పంపాను."

సరోజ గ్లాసు అరుగు మీద పెట్టింది.

"నువ్వు వెనక్కి చూసుంటే బతికేదేమోనమ్మా. కాదనను. నేను చెప్పుంటే నువ్వు చూసేదానివి. ఇది చెప్పుకుందామని నీకోసం చూస్తున్నా. వేరే ఎవరికి చెప్పినా అర్థం కాదు."

ఇద్దరూ ఏడవలేదు. ఎండ వాలాక గట్టు మీదకి నడిచారు. సత్యవతమ్మ ఆ రోజు తర్వాత తూము వైపు రాలేదట. అక్కడ కొత్తగా ఇనుప రెయిలింగు వేశారు. దాన్ని పట్టుకుని ఆవిడ నీళ్లలోకి చూస్తూ నిలబడితే, సరోజ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆ ఊళ్లో పేటకి చెందిన లస్కరు కూతురు రైతుల ఇంటి పెద్దావిడని ముట్టుకోవడం అదే మొదలు. సత్యవతమ్మ ఆ చెయ్యి తియ్యలేదు.

బందరు తిరిగొచ్చాక సరోజ స్కూల్లో పద్ధతి మార్చింది. పిల్లలు ఎక్కడ పరిగెత్తినా జంటగా, భుజం భుజం కలిపి పరిగెత్తాలి. ఒకరు ఆగితే రెండోవాళ్లు ఆగాలి. ప్రతి పిల్ల తల్లినీ పిలిపించి, పిల్లకి ఒంట్లో ఏ జబ్బైనా ఉందేమోనని గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి అడిగేది. ఇలాగైతే కప్పులు రావని హెడ్మిస్ట్రెస్ అన్నారు. రాలేదు కూడా.

అడుగుల చప్పుడు పోతుందనుకుంది. పోలేదు. పార్కులో వారం రోజులు వినపడక, ఎనిమిదో రోజు మళ్లీ వచ్చేది. భర్తకి అంతా చెప్పేసింది. అతను అప్పుడప్పుడు సైకిలు మీద వెంట వస్తాడు. ఏమీ అడగడు.

నెలకో ఆదివారం సత్యవతమ్మ దగ్గరికి వెళ్లడం అలవాటైంది. వెళ్లినప్పుడల్లా ఆ చప్పుడు గురించి కూడా చెప్పాలనుకునేది, ధైర్యం చాలేది కాదు. రెండువేల నాలుగు సంక్రాంతి వెళ్లాక ఒకరోజు చెప్పింది. పిచ్చిదనుకుంటుందేమో అనుకుంది. సత్యవతమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వింది.

"నిన్న వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందండీ."

"ఆయాసపడుతోందా?"

"లేదండీ. బాగానే పరిగెడుతోంది."

"ఎంత దూరం వచ్చింది?"

"పార్కు దాటి, కోర్టు మలుపు దాకా."

ఆవిడ తల ఊపి, తీసిన ఈనెల్ని చేటలో ఒక పక్కకి నెట్టింది. ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు సరోజ ముందు పోసింది.