పాపక్క సంచి పరీక్ష

చేతిలో ప్లాస్టిక్ కవరుతో పాపక్క గుమ్మం దాటి, అదే కవరుతో ఇంటికి చేరిన మనిషి పుంగనూరు కుమ్మరవీధిలో ఇంతవరకు లేడు. సరుకు మీది, కవరు ఆమెది. అది ఆ వీధి చట్టం.

అంగన్‌వాడీలో ముప్ఫై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైన పాపక్కకు ఈ పిచ్చి ఎప్పుడు పట్టిందో ఎవరికీ తెలియదు. తెచ్చిన కవర్లను కడుగుతుంది, దండెం మీద ఆరేస్తుంది, కత్తెరతో సన్నటి పీలికలు చేసి ఉండ చుడుతుంది. ఆ ఉండల్లోంచి కొక్కెం ఉన్న సూదితో సంచులు, చాపలు, కుండ కింద పెట్టే కుదుళ్లు అల్లుతుంది. మొదటిసారి దండెం నిండా రంగురంగుల కవర్లు ఎగురుతుంటే పక్కింటి మునస్వామి ఆగి, "ఏ పార్టీ మీటింగక్కా?" అని అడిగాడు.

"నా పార్టీనే. నీ చేతిలో ఉండేది కూడా ఇచ్చేసి పో" అంది పాపక్క.

మునస్వామి వంకాయలన్నీ లుంగీలో పోసుకుని, రెండు చేతులతో లుంగీ పట్టుకుని ఇల్లు చేరాడు. పాపం అనిపించి ఆమె అతని బైకుకు సీటు కవరు అల్లి ఇచ్చింది. చూడటానికి ముచ్చటగానే ఉంది గాని కూర్చుంటే నున్నగా జారుతుంది. పలమనేరు రోడ్డులో బ్రేకు వేస్తే బండి నిలబడింది, మునస్వామి నిలబడలేదు. ట్యాంకు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, సీటు జారతాండాది."

"జారేది సీటు కాదప్పా, నువ్వు. స్పీడు తగ్గించుకో."

గంగులయ్య ఇంకా తెలివైనవాడిననుకున్నాడు. ఆదివారం అరకిలో కోడికూర నల్ల కవరులో పట్టుకుని, ఆమె కంట పడకుండా వెనక సందులోంచి వచ్చాడు. పాపక్క ఆ రోజు వెనక సందులోనే కూర్చుని అల్లుకుంటోంది. కూర ఆమె గిన్నెలోకి, కవరు ఆమె చేతిలోకి వెళ్లిపోయాయి. ఆ గిన్నె ఏ ఇంటిదని భార్య అడిగిన ప్రశ్నలకు గంగులయ్య సాయంత్రం దాకా జవాబు చెబుతూనే ఉన్నాడు.

ఇది చాలదన్నట్టు ఆమెకు ఇంకో పిచ్చి, సంచి పరీక్ష. కొత్త సంచి అల్లగానే అందులో పిండో గింజలో నింపి, ఎవరో ఒకరి ఇంట్లో మేకుకు తగిలించి వస్తుంది. బరువుకు ఆగుతుందో లేదో చూడాలట. ఏ ఇల్లు, ఎందుకు అని ఎవరూ అడగలేదు. పిచ్చికి లెక్కేముంటుందని ఊరుకున్నారు.

ఈ వీధికి ఆరునెలల కింద అద్దెకు వచ్చింది ప్రసన్నలక్ష్మి. భర్త లోకేష్‌ది మదనపల్లె టమోటా మార్కెట్‌లో లోడింగ్ పని. పోయిన నెల లారీ మీంచి జారిపడి అతని కాలు విరిగింది. కట్టు కట్టి, రెండు నెలలు కదలొద్దన్నారు. చేతిలో ఉన్నది ఆస్పత్రికే సరిపోయింది.

ప్రసన్న దిగులు కాలు గురించి సగమే. మిగతా సగం కుప్పంలో ఉన్న అన్న వెంకటేశులు గురించి. "ఆ పని నమ్ముకుంటే సంగటి కూడా దొరకదు" అని పెళ్లప్పుడే అన్న మనిషి ఆయన. ఇంట్లో ఒక పూటే పొయ్యి వెలుగుతోందని తెలిస్తే, మరుసటి బస్సుకే వచ్చి చెల్లెల్నీ నాలుగేళ్ల బిడ్డనూ తీసుకుపోతాడు. మంచం మీద ఉన్న లోకేష్ ఆ అవమానం తట్టుకోలేడు. అందుకే ఈ సంగతి వీధిలో చీమకు కూడా తెలియకూడదని ప్రసన్న పంతం పట్టింది.

ఆ పంతానికి పాపక్క ఒక్కతే అడ్డం వచ్చింది. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "ప్రసన్నా, కవర్లు ఉండాయా?" అంటుంది. సరుకులు కొంటే కదా కవర్లు ఉండేది. మూడు రోజులు ఏవో సాకులు చెప్పింది. నాలుగో రోజు ఇక లాభం లేదని, పాత పెట్టె అడుగున పరిచిన కవర్లు రెండు లాగి, దులిపి, నిన్ననే సరుకులు తెచ్చినట్టు దర్జాగా ఇచ్చింది.

పాపక్క ఒక కవరును వెలుతురుకు పట్టి చూసింది. "కుప్పం బస్టాండు కాడి అంగడిది కదా ఇది. ఆయప్ప మూసేసి మూడేండ్లయిందే."

"మళ్లీ తెరిచినాడంటక్కా."

"అట్లనా. తెరిచింటాడులే" అంటూ పాపక్క కవర్లు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. బతికిపోయాననుకుంది ప్రసన్న.

మర్నాడు పాపక్క వట్టి చేతులతో రాలేదు. నిండా రాగిపిండి ఉన్న కొత్త సంచి తెచ్చింది.

"దీన్ని పరీక్ష చెయ్యాల ప్రసన్నా. ఆ మేకుకు తగిలించు."

"పిండి యాలక్కా, రాళ్లు పోస్తే సాలదా?"

"రాళ్లు మోసేదానికా నేను అల్లింది? వారం దినాలు ఏలాడనీ. పిండి అట్నే పెడితే పురుగు పడతాది, వండేసుకోండి."

"పిండి అయిపోతే ఇంక పరీక్ష ఎట్లక్కా?"

"మళ్లీ పోస్తాలే. ఒకసారి పోస్తే పరీక్షంటారా?"

ఈమెకు నిజంగానే మతి చెడిందని ప్రసన్న జాలిపడింది. జాలిపడుతూనే ఆ వారమంతా రెండు పూటలా సంగటి కెలికింది. పై వారం బియ్యం వచ్చాయి. ఆ పై వారం, "బియ్యానికి ఆగింది, ఉలవలకు ఎట్లుంటాదో" అంటూ ఉలవలు వచ్చాయి.

ఆ ఉలవల వారంలోనే చెప్పాపెట్టకుండా వెంకటేశులు దిగాడు. కాలు విరిగిన సంగతి ఎవరో చెప్పారట. రెండు కవర్ల నిండా వేరుశెనక్కాయలు పట్టుకొచ్చాడు. మంచం మీద లోకేష్‌ను చూశాడు. వంటింట్లో ఖాళీ డబ్బాలు చూశాడు. మేకుకు వేలాడుతున్న సంచిని చూశాడు.

"డబ్బాలన్నీ ఖాళీగా ఉండాయి. ఈ ఉలవలు ఎవురిచ్చినారు? అడుక్కుని తింటాండారా?"

లోకేష్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి, "కవర్లు ఉండాయా?" అని వినిపించింది. ప్రసన్న గుమ్మానికి అడ్డం పోబోయింది. ఈ పిచ్చిమనిషి నోరు తెరిస్తే తన కాపురం కుప్పం బస్సెక్కినట్టే.

"అడుక్కునేదేంది నాయనా?" అంటూ పాపక్క లోపలికి వచ్చింది. "నీ చెల్లెలు నా కాడ పని చేస్తాండాది. నా సంచులన్నీ పరీక్ష చేసేది ఆ పాపే. కూలి కింద గింజలు ఇస్తాండా. ఊరికే ఎవురిస్తారప్పా ఈ కాలంలో?"

"సంచిని పరీక్ష చేసేదానికి కూలా?"

"యాల ఉండదు? నీ చేతిలో కవరు సూడు. ఎవురూ పరీక్ష చెయ్యకనే ఇచ్చినారు, పిడి వదిలిపోతాండాది. ఇట్టియ్యి."

వెంకటేశులు చూసుకున్నాడు. నిజంగానే వదిలిపోతోంది. ఆయన తేరుకునేలోపు కాయలు చేటలోకి, కవర్లు పాపక్క చంకలోకి చేరిపోయాయి. అయినా చెల్లెలు పని చేస్తోందన్న మాట ఆయనకు బాగా నచ్చింది. "మొండిది బావా, చిన్నప్పటి నుంచీ అంతే" అని లోకేష్‌తో గొప్పగా చెప్పుకుని, సాయంత్రం బస్సుకు ఒక్కడే కుప్పం వెళ్లిపోయాడు.

ప్రసన్న నేరుగా పాపక్క ఇంటికి వెళ్లింది. "నీకు ఎప్పుట్నుంచి తెలుసక్కా?"

"ఏంది తెలిసేది? కవర్లు రాని ఇల్లంటే అంగడికి పోని ఇల్లు. దాంట్లో తెలుసుకునేదానికి ఏముండాది?" పాపక్క అల్లిక ఆపలేదు. "ముప్పై ఏండ్లు పిల్లకాయలకు అన్నం పెట్టినదాన్ని. నీ ఇంటికొచ్చి తిన్నారా అని అడిగితే తిన్నామంటావు. అబద్ధం చెప్పించేది యాలమ్మా? కవరు లేదనేదానికి ఎవురికీ సిగ్గుండదు."

ఇన్నాళ్లూ వీధిలో పరీక్షలు జరిగిన ఇళ్లు ప్రసన్నకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇలాంటి మనిషిని పిచ్చిదనుకున్నందుకు సిగ్గేసింది. మూసేసిన అంగడిని తెరిపించిన తన తెలివికి నవ్వు కూడా వచ్చింది.

కట్టు విప్పారు. లోకేష్ మళ్లీ మదనపల్లె బస్సెక్కాడు. మొదటి వారం గడవగానే ప్రసన్న రాగులు పట్టించి, సంచిని అంచుదాకా నింపి, మోసుకుపోయి పాపక్క గుమ్మం పక్కనున్న మేకుకు తగిలించింది. "అక్కా" అని పిలిచిందో లేదో, పిడి పుటుక్కున తెగింది. పిండి మెట్ల నిండా, ప్రసన్న చీర నిండా పడింది.

పాపక్క బయటికి వచ్చి, తెగిన పిడిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నేండ్లుగా పరీక్ష పెడతాండా. ఒక్క సంచీ తెగలేదని ఊరంతా చెప్పుకున్యా. పోసిన పూటే పొయ్యి మీదికి పోతాంటే ఇంక తెగేదెట్ల? నాకు పిడి అల్లేది రాదని ఇప్పుడు తెలిసింది."

ఇద్దరూ మెట్ల మీదే కూలబడి, కడుపు పట్టుకుని నవ్వుతూ, మెట్టు తాకని పైపిండిని చేతులతో చేటలోకి ఎత్తారు. చీమలకు కావలసినంత వదిలేసి, మిగిలింది జల్లించి, ఆ మధ్యాహ్నం పాపక్క పొయ్యి మీదే సంగటి కెలికారు.