లెన్సుకు అడ్డం పెట్టిన చెయ్యి

సారు పోయాడని మొన్న పొద్దున జనగామ నుంచి కబురు వచ్చింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ ఆయన నన్ను మోసం చేశాడు, ముందు అది చెప్పాలి.

సారు బడిలో లెక్కలు చెప్పేవాడు, నేను గంట కొట్టేవాణ్ణి. ఏ దేశాలవో సినిమాలు డబ్బాల్లో తెప్పించి, బడి ముందర తెల్లగుడ్డ కట్టి చూపించేవాడు. డబ్బాలు మోసేది నేను. సారేమో బస్సు దిగేటప్పుడు అందరూ పోయేదాకా పక్కకు నిలబడే మనిషి. చాయ సాసర్లో పోసి, చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. "కండ్లను ఉరికియ్యకురా, నడవనియ్యి" అనేవాడు. నాకు చూడటం నేర్పింది ఆయనే, కాదనను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా తమ్ముడు ఊరేగింపుకని పోయి తిరిగి రాలేదు. కన్నకొడుకు కోసం మా అవ్వ కొడకండ్లలో మా ఇంటి గడప మీదే కూర్చునేది. పదేళ్లు దాటాక సారు హంగేరీ సినిమా ఒకటి తెచ్చాడు. అవ్వను తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టాను.

అందులో ఓ ముసలమ్మ గడపలో కూర్చుని, కొట్లాటకు పోయిన కొడుకు కోసం దారి చూస్తుంది. అంతే. పాటల్లేవు, మాటల్లేవు. గాలికి తలుపు కదులుతుంది. బాట మీద వాన పడుతుంది. మళ్లీ ఆమె ముఖం.

"ఏంది సారూ, బొమ్మ ఆగిపోయిందా? జర తిప్పుండ్రి!" అని ఒకడు అరిచాడు. ఈలలు, నవ్వులు. అవ్వ రెప్ప వేయలేదు.

బాట చివర ఎవరో కనబడ్డారు, చుక్కంత. నడిచి వస్తున్నారు. అప్పుడే సారు లేచి ప్రొజెక్టర్ లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయ్యాల్టికి చాలు" అన్నాడు. మర్నాడే డబ్బాలు రైలెక్కాయి.

"వచ్చింది కొడుకేనా సారూ?" అని అడిగాను.

"మళ్ల తెప్పిస్త. నీ కండ్లతోనే చూద్దువు గని."

తెప్పించలేదు. చెప్పనూ లేదు. "గా పిలగాడు ఇల్లు జేరిండా బిడ్డా?" అని అడుగుతూ అడుగుతూనే అవ్వ పోయింది.

ఈలలకు జడిసి ఆపాడన్నారు. ఈలలకు జడిసే మనిషి కాదాయన. అవ్వను చూసే ఆపాడు. ఆమె తట్టుకోలేదని ఆయనకు ఎవరు చెప్పారు? చుక్కంత మనిషిని చూసి పదేళ్లకు మొదటిసారి ఆమె నవ్వింది. ఆయన అదీ చూశాడు.

ఇప్పటికీ నాకు ఆ చెయ్యే కనబడుతుంది. వేళ్ల సందుల్లో ఎర్రటి వెలుగు, దాని వెనక నడిచి వస్తున్న ఎవరో.

మా బడికి తేకముందే జనగామలో సారుతో కలిసి ఆ సినిమా చివరిదాకా చూసిన ఆయన దోస్తులు మీలో ఉన్నారు. పెద్దకర్మ రోజు నేను వస్తాను. వచ్చింది కొడుకా, కాదా, ఆ రోజు చెప్పాలి. చెప్పేదాకా విస్తరి ముందు కూర్చోను.